ఎండలు ముదిరేలోపు, రోడ్డు మీద ఎంటీబీ తొక్కేవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు

మార్చి సగం దాటిందంటే మా బెజవాడలో పొద్దున ఎనిమిదింటికే రోడ్డు సెగ కొట్టడం మొదలవుద్ది. రోహిణి కార్తెలో రోళ్ళు పగుల్తాయని పెద్దోళ్ళు ఊరికే అన్లేదు. ఇప్పుడు రాసేది ఎవరికంటే, ముందు సస్పెన్షన్ (కుదుపులు ఆపే స్ప్రింగు) ఉన్న ఎంటీబీ, అంటే కొండదారుల కోసం చేసిన మౌంటెన్ బైక్ ఒకటి కొనుక్కుని, కొండలూ అడవులూ కాకుండా మామూలు రోడ్డు మీదే పొద్దున్నే పాతికో నలభయ్యో కిలోమీటర్లు తొక్కేవాళ్ళకి. మనలో ఎక్కువమంది ఇలాంటోళ్ళే. డిసెంబర్, జనవరిలో చలిగాలికి తొక్కుతూ స్టామినా పెంచుకుని ఉంటాం, యాప్‌లో యావరేజ్ స్పీడ్ వారం వారం పెరిగి ఉంటది, ఆ స్పీడే ఏప్రిల్లో కూడా కొట్టాలని చూస్తాం. ప్రమాదం అక్కడే ఉంది. జులై దాకా యావరేజ్ స్పీడ్ అనే అంకెని పక్కన పెట్టేసి, మీ ఊపిరి చెప్పినట్టు తొక్కండి. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

ముందు ఎంటీబీ రోడ్డు మీద ఎందుకంత కష్టపెడతదో అర్థం చేస్కోవాలి. అందరూ బరువు అంటారు గానీ, చదును రోడ్డు మీద బరువు అంత పెద్ద విషయం కాదు. అసలు కారణాలు రెండు. ఒకటి టైరు, రెండించీల వెడల్పు, పైన గుండీల్లాంటి రబ్బరు ముక్కలు, అవి రోడ్డుకి ఒత్తుకుని మళ్ళీ లేస్తూ మనం పెట్టిన శక్తిని తినేస్తుంటాయి. రెండోది మనం కూర్చునే తీరు, వెడల్పు హ్యాండిల్ పట్టుకుని నిటారుగా కూర్చుంటాం కాబట్టి గాలి మొత్తం ఛాతీకే తగులుద్ది. స్పీడు గంటకి 20 కిలోమీటర్ల నుంచి 25కి పెరిగితే గాలిని చీల్చడానికి పట్టే శక్తి పావు వంతు కాదు, దాదాపు రెండింతలవుద్ది. అందుకే సన్న టైర్ల రోడ్ బైక్ మీద వంగి కూర్చున్నతను కబుర్లు చెప్తూ తొక్కే స్పీడ్లో మనకి నోట మాట రాదు, ఆ తేడా మన చేతగానితనం వల్ల వచ్చింది కాదు. పైగా తొక్కేటప్పుడు మన వొళ్ళు ఖర్చు పెట్టే శక్తిలో చక్రానికి చేరేది పావు వంతో అంతకంటే తక్కువో, మిగతాదంతా వంట్లో వేడిగా మిగిలిపోద్ది. చలికాలం ఆ వేడిని గాలి లాగేస్తది. ఏప్రిల్లో అది బయటికి పోవడానికి చెమట తప్ప దారి లేదు, మన కోస్తా ఉక్కపోతలో ఆ చెమట ఆరదు, కారిపోద్ది అంతే, కారిపోయిన చెమట వంటిని చల్లబరచదు.

రెండేళ్ళ క్రితం ఏప్రిల్లో నాకు జరిగింది చెప్తా. ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి మీదుగా కరకట్ట ఎక్కి అమరావతి వైపు పోతుంటే వెనకనించి నలుగురు రోడ్ బైకులోళ్ళు వచ్చారు, మంచోళ్ళే, రమ్మన్నారు కూడా. వాళ్ళ వెనకాల గాలి తగలదు కదా అని పట్టుకున్నా, 27, 28 మీద అరగంట పైనే వెళ్ళా. వెనక ఉంటే గాలి తగలదు, శ్రమ తగ్గుద్ది, నిజమే, కానీ వంటికి తగిలి చల్లబరిచే గాలి కూడా తగ్గుద్ది, అది నాకు అప్పుడు తట్టలేదు. వెనక్కి తిరిగేసరికి ఎనిమిదింపావు. ఎండ నడినెత్తికి ఇంకా రాలేదు కానీ నాకు చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, చలేసింది. అంత ఎండలో చలేంటని ఆలోచించే ఓపిక కూడా లేదు. మావిడితోట పక్కన చెట్టు కింద కూలబడితే అక్కడ పని చేస్తున్న పెద్దాయన బిందెడు నీళ్ళు తెచ్చి, "ముందు నెత్తిన పోసుకో బాబూ, తాగడం తర్వాత" అన్నాడు. ఆయన చెప్పిందే సరైన వైద్యమని తర్వాత తెలిసింది. ఎండలో తొక్కుతుంటే చలేసిందా, ఇంక ఒక్క పెడల్ కూడా వెయ్యకండి.

మరి ఊపిరి చెప్పినట్టు తొక్కడం అంటే ఏంటి? నేను వాడే పద్ధతి, పదమూడో ఎక్కం పైకి అప్పజెప్పడం. పదమూడారులు డెబ్బై ఎనిమిది దాకా మధ్యలో ఆయాసపడకుండా చెప్పగలిగితే పేస్ సరిగ్గా ఉన్నట్టు. పదమూడు మూళ్ళకే ఊపిరి తీస్కోవాల్సొస్తే ఒక గేర్ తగ్గించండి. వాచ్ ఉన్నోళ్ళు గుండె వేగం చూస్కోవచ్చు, వయసుని 0.7తో గుణించి 208లోంచి తీసేస్తే గరిష్ఠ వేగం ఉజ్జాయింపుగా వస్తది, నలభయ్యేళ్ళ మనిషికి 180. అందులో 70 నుంచి 75 శాతం, అంటే 126, 135 మధ్యలో ఎక్కువసేపు ఉండాలి. చెమటకీ హ్యాండిల్ అదురుకీ మణికట్టు వాచ్‌లు తప్పు చూపిస్తుంటాయి కాబట్టి వాచ్‌కీ ఎక్కానికీ తేడా వస్తే ఎక్కాన్నే నమ్మండి. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్ళకి గుండె వేగం మామూలుగానే తక్కువ చూపిస్తది, మీకు ఈ లెక్క పనికిరాదు, డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి.

ఇంకో సంగతి, ఎండలో అదే స్పీడ్ మీద తొక్కుతున్నా గంట గడిచేసరికి గుండె వేగం తనంతట తనే పెరిగిపోద్ది. చెమటలో నీళ్ళు పోయి రక్తం తగ్గుద్ది, ఉన్న రక్తంలో కొంత చర్మం చల్లబరచడానికి పోద్ది, అందుకని గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. కాబట్టి మొదటి అరగంట 20 మీద హాయిగా ఉన్నోళ్ళకి రెండో గంటలో 17 వస్తే అది ఫిట్‌నెస్ పడిపోవడం కాదు. గుండె వేగం అలాగే ఉంచి స్పీడ్ తగ్గనివ్వండి. నెమ్మదిగా పోతే ఏం సాధిస్తాం అనుకునేవాళ్ళకి ఒక లెక్క, 200 కిలోమీటర్ల బ్రెవే రైడ్‌కి (పోటీ కాదు, ఇచ్చిన టైంలో దూరం పూర్తి చేస్తే చాలు) ఇచ్చే టైం పదమూడున్నర గంటలు. టిఫిన్లూ పంచర్లూ అన్నీ కలుపుకుని గంటకి పదిహేను కూడా పడదు. ఎంటీబీతో అది అందని దూరమేం కాదు.

వేడికి వంటిని అలవాటు చెయ్యడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుద్ది. ఆ రోజుల్లో రోజూ కాస్త కాస్త, ముప్పావు గంట నుంచి మొదలుపెట్టి గంట, గంటుంపావు అలా తేలిగ్గా తొక్కితే చెమట తొందరగా పట్టడం మొదలవుద్ది, చెమటలో ఉప్పు తగ్గుద్ది, రక్తంలో నీటి శాతం పెరుగుద్ది. వారమంతా ఏసీ ఆఫీసులో కూర్చుని ఆదివారం ఒక్కరోజే అరవై కిలోమీటర్లు తొక్కేవాళ్ళకి ఈ అలవాటు ఎప్పటికీ పట్టదు, నాకు ఎక్కువ భయం వాళ్ళ గురించే. పెళ్ళికో ఊరికో వెళ్ళి పది రోజులు ఆపేశారంటే మళ్ళీ తగ్గించి మొదలెట్టాలి. గట్టిగా తొక్కే ట్రైనింగ్ పూర్తిగా మానక్కర్లేదు, వారానికి ఒక్కరోజు, ఐదున్నరకి బయల్దేరి మొదటి ముప్పావు గంటలోనే నాలుగు నిమిషాల చొప్పున నాలుగు సార్లు, మధ్యలో అంతే రెస్ట్, అయిపోయింది ఇంటికి. కొండపల్లి ఖిల్లా ఘాట్ ఎక్కేవాళ్ళు మొదటి మలుపులోనే చిన్న గేర్ వేసేస్కోండి, మన బండికి ఆ చిన్న గేర్లున్నది అందుకే.

గేర్ల మాట వచ్చింది కాబట్టి మోకాళ్ళ గురించి. 21 గేర్ల బండ్లలో ముందు 42 పళ్ళ పెద్ద చక్రం, వెనక 14 పళ్ళ చిన్నది వేస్కుని, 26 ఇంచీల టైరుతో నిమిషానికి 80 సార్లు తిప్పితే గంటకి ముప్పై వస్తది. చదునులో మనం పొయ్యేది పద్దెనిమిదో ఇరవయ్యో, మరి ఆ గేర్ ఎందుకు? చాలామంది అదే వేస్కుని నిమిషానికి యాభై సార్లు బరువుగా తొక్కుతుంటారు, మోకాలు ముందు నొప్పి అలాగే మొదలవుద్ది. ముందు మధ్య చక్రం, వెనక 18 దగ్గర వేస్కుంటే అదే 80 తిప్పుడికి పంతొమ్మిది దాకా వస్తది, కాళ్ళు తేలిగ్గా ఆడతాయి. సీటు ఎత్తు కూడా చూస్కోండి, మడమ పెడల్ మీద పెట్టి పూర్తిగా కిందికి తిప్పితే కాలు నిటారుగా రావాలి.

టైర్లకి వస్తే, రోడ్డు తప్ప వేరే దారి తొక్కనోళ్ళు ఒకటిన్నర ఇంచీ నున్నటి టైర్లు వేయించుకోండి, ఇంత ఖర్చుకి ఇంత తేడా ఇంకే పార్టుతోనూ రాదు. గాలి ఎంత పట్టాలో టైరు పక్కనే రాసి ఉంటది, అది దాటకండి. ముందు సస్పెన్షన్‌కి లాకౌట్, అంటే అది ఊగకుండా బిగించే మీట ఉంటే వేసెయ్యండి. సైకిల్ని ఎండలో నిలబెట్టి వదిలేస్తే పాత పంచర్ ప్యాచ్‌లు ఊడొస్తాయి, స్పేర్ ట్యూబ్ ఒకటి ఉంచుకోండి, మే నెలలో నీడ లేని రోడ్డు మీద పంచర్ పడితే గంటలో పెద్ద ప్రమాదం అయిపోద్ది.

నీళ్ళ దగ్గర అందరికీ ఒకే లెక్క కుదరదు. ఒక ఆదివారం బయల్దేరే ముందు బరువు చూస్కోండి, గంట తొక్కి వచ్చి చెమట తుడుచుకుని మళ్ళీ చూస్కోండి. 800 గ్రాములు తగ్గి, మధ్యలో అర లీటరు తాగి ఉంటే మీ చెమట గంటకి లీటరుంబావు పైనే. అందులో ఎక్కువ భాగం తొక్కుతూనే పావుగంటకోసారి రెండు మూడు గుక్కల చొప్పున తాగాలి, అలాగని పోయిన దానికంటే ఎక్కువ ఉత్త నీళ్ళు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోద్ది. గంట దాటితే ఉప్పు కావాలి. పల్చటి మజ్జిగలో ఉప్పు, నిమ్మకాయ నీళ్ళలో ఉప్పూ కాస్త చక్కెర, లేదంటే ఓఆర్ఎస్. ఓఆర్ఎస్ కొంటే ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. డబ్బాల్లో వచ్చే తియ్యటి డ్రింకుల మీద కూడా ఓఆర్ఎస్ అని వేసి ఏళ్ళ తరబడి అమ్మారు, హైదరాబాద్ పిల్లల డాక్టర్ ఒకావిడ పట్టు విడవకుండా పోరాడితే 2025 అక్టోబర్లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆపింది. లీటరు ప్యాకెట్ని లీటరు నీళ్ళలోనే కలపండి, అర లీటరు బాటిల్లో కుమ్మరించొద్దు. షుగరూ బీపీ ఉన్నోళ్ళు ముందే డాక్టర్ని అడగండి. మూత్రం ముదురు రంగులో వచ్చిన రోజు పొద్దున రైడ్ వద్దు, రాత్రి సరిగ్గా నిద్ర పట్టకపోయినా, ముందురోజు జొరం వచ్చినా వద్దు.

ఐదున్నరకి బయల్దేరి ఏడున్నరకల్లా ఇంట్లో ఉండేలా చూస్కోండి. అమరావతి వైపు సీడ్ యాక్సెస్ రోడ్డు వెడల్పుగా ఉంటది కదా అని దూరం పోతాం, తిరిగొచ్చేటప్పుడు నీడ కోసం వెతుక్కోవాల్సొస్తది. ఇంకోటి చాలామంది గమనించరు, పొద్దున పడమటికి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు సూర్యుడు ఎదురుగా ఉంటాడు, మన కళ్ళలోనే కాదు, మన వెనక వచ్చే టిప్పర్ డ్రైవర్ కళ్ళలో కూడా. అతనికి ముందున్న సైకిల్ కనపడకపోవచ్చు. కాబట్టి పట్టపగలైనా వెనక ఎర్ర లైటు వెలుగుతూనే ఉండాలి, హెల్మెట్ ఉక్కగా ఉందని తీసి హ్యాండిల్‌కి తగిలించొద్దు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో మండలాల వారీగా వడగాడ్పుల హెచ్చరికలు ఇస్తది, రాత్రి పడుకునే ముందు ఒకసారి చూసి, మీ మండలం అందులో ఉంటే అలారం పెట్టుకోకండి.

ఒంటరిగా వెళ్తే ఇంట్లో రూటు చెప్పి, ఫోన్లో లొకేషన్ పంపి వెళ్ళండి. కలిసి వెళ్తే పక్కవాళ్ళని గమనిస్తూ ఉండండి, ఎందుకంటే వడదెబ్బ తగిలిన మనిషికి తనకేమైందో తెలియదు. మాట తడబడ్డా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా, సైకిల్ అటూ ఇటూ ఊగుతున్నా, "ఏం లేదు, పోదాం" అని వాళ్ళెంత చెప్పినా వినొద్దు. నీడకి చేర్చి, జెర్సీ, హెల్మెట్ తీసేసి, దొరికిన నీళ్ళన్నీ తల మీదా మెడ మీదా వంటి మీదా పోస్తూ విసరండి, ఒకరు 108కి ఫోన్ చెయ్యండి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకండి. అంబులెన్స్ వచ్చేదాకా వంటి మీద నీళ్ళు పొయ్యడం ఆపొద్దు.