పాత విండోస్ సర్వర్‌కు ఈఎస్‌యూ: మీ లైసెన్స్‌కు అర్హత ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి?

విండోస్ సర్వర్ 2012, 2012 ఆర్2లకు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2023 అక్టోబర్ 10తో ముగిసింది. ఆ తర్వాత వచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లు కావాలంటే ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్, అంటే ఈఎస్‌యూ, విడిగా తీసుకోవాలి. అదీ గరిష్ఠంగా మూడేళ్లే, 2026 అక్టోబర్ 13 వరకు. డబ్బు కడితే ఎవరికైనా ఇస్తారని చాలామంది అనుకుంటారు కానీ, ముందు లైసెన్స్‌కు ఆ అర్హత ఉండాలి. కొటేషన్ అడిగే ముందే ఇది తేల్చుకోండి.

1. సర్వర్‌లో ఏముందో రాసుకోండి

రన్ బాక్సులో విన్‌వర్ (winver) అని టైప్ చేస్తే వెర్షన్ తెలుస్తుంది. ఎడిషన్ స్టాండర్డా, డేటాసెంటరా అన్నది కూడా నోట్ చేసుకోండి. అదే మెషీన్‌లో మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ పాతది ఉంటే దానికి వేరే ఈఎస్‌యూ కావాలి. విండోస్‌కు కట్టింది దానికి వర్తించదు. ఉదాహరణకు ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014 సపోర్ట్ 2024 జులై 9న ముగిసింది. దాని గడువులు దానివే.

2. అది ఎక్కడ నడుస్తోంది?

మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌లో వర్చువల్ మెషీన్‌గా (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌గా) నడుస్తుంటే ఈఎస్‌యూకు అదనంగా ఏమీ కట్టక్కర్లేదు, యాక్టివేషన్ కీ కూడా అక్కర్లేదు. కింద చెప్పేదంతా మీ సొంత సర్వర్ రూమ్‌లో ఉన్నవాటి గురించే.

3. సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ ఉందా?

అసలు చిక్కంతా ఇక్కడే. సొంత సర్వర్‌కు ఈఎస్‌యూ కొనాలంటే దాని విండోస్ సర్వర్ లైసెన్స్‌పై సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (లైసెన్స్‌కు తోడుగా డబ్బు కట్టి తీసుకునే మైక్రోసాఫ్ట్ ప్లాన్) చెల్లుబాటులో ఉండాలి, లేదా అది సబ్‌స్క్రిప్షన్ లైసెన్స్ అయి ఉండాలి. ఎప్పుడో ఉండేది, రెన్యూ చేయలేదు అంటే కుదరదు. ఈఎస్‌యూ వాడినంత కాలం అది కొనసాగాలి.

సర్వర్‌తో పాటే వచ్చిన ఓఈఎం లైసెన్స్ అయితే ఇంకాస్త జాగ్రత్త. దానికి అష్యూరెన్స్ చేర్చుకునే వీలు కొన్న తర్వాత 90 రోజుల వరకే ఉంటుంది. పన్నెండేళ్ల నాటి మెషీన్‌కు ఆ అవకాశం ఎప్పుడో దాటిపోయింది. కాబట్టి పాత ఇన్‌వాయిస్ బయటికి తీసి, లైసెన్స్ ఏ రకమో చూడండి. వాల్యూమ్ లైసెన్స్ (సంస్థలు మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం చేసుకుని కొనేది) అయితే అష్యూరెన్స్ ముగిసే తేదీ మీ అగ్రిమెంట్‌లోనే ఉంటుంది. నోటిమాట మీద వదిలేయకుండా ఆ తేదీ మీ కళ్లతో చూసుకోండి.

4. కోర్లు లెక్కపెట్టండి

ఈఎస్‌యూకు కట్టేది కోర్ల (ప్రాసెసర్‌లో పని చేసే యూనిట్ల) లెక్కనే. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ మీద నొక్కండి. ఫిజికల్ సర్వర్ అయితే 'కోర్స్' అన్న చోట ఉన్న అంకె తీసుకోవాలి. పక్కనే ఉండే 'లాజికల్ ప్రాసెసర్స్' తీసుకుంటే లెక్క రెట్టింపయ్యే ప్రమాదం ఉంది. వర్చువల్ మెషీన్‌లో 'వర్చువల్ ప్రాసెసర్స్' అని కనిపిస్తుంది.

ఫిజికల్ కోర్ల లెక్కన కొంటే ఒక్కో సర్వర్‌కు కనీసం 16, వర్చువల్ కోర్ల లెక్కన కొంటే ఒక్కో మెషీన్‌కు కనీసం 8 కోర్లు కట్టాలి. 12 కోర్ల సర్వర్‌కైనా 16కే కడతారు. 32 కోర్ల హోస్ట్ (వర్చువల్ మెషీన్లను నడిపే ఫిజికల్ సర్వర్) మీద నాలుగేసి కోర్ల పాత వర్చువల్ మెషీన్లు రెండే ఉన్నాయనుకోండి: ఫిజికల్ లెక్కన 32, వర్చువల్ లెక్కన కనీసం 8 చొప్పున 16. తేడా సగానికి సగం! రెండు లెక్కలూ వేసి చూడకుండా ఆర్డర్ పెట్టొద్దు.

5. ఎలా కొనాలి?

రెండు దారులున్నాయి. వాల్యూమ్ లైసెన్సింగ్‌లో ఏడాదికి ఒకసారి కొని, కీ తీసుకోవడం ఒకటి. సొంత సర్వర్లను అజూర్ నుంచి నిర్వహించే అజూర్ ఆర్క్ సర్వీసుకు సర్వర్‌ను కలిపి నెలనెలా కట్టడం రెండోది. త్వరలోనే కొత్త సర్వర్‌కు మారే ఆలోచన ఉంటే నా ఓటు ఆర్క్‌కే, పాత మెషీన్ ఆపేసిన రోజు బిల్లు కూడా ఆపొచ్చు. అయితే ఆలస్యంగా చేరితే కలిసొస్తుందని ఆశపడకండి. కీ పద్ధతిలో మొదటి ఏడాది కొనకుండా రెండో ఏడాది ఇవ్వరు. ఆర్క్‌లోనూ వదిలేసిన నెలలకు వెనక్కి లెక్కకట్టి బిల్లు వేస్తారు.

కొన్నాక సర్వర్‌లో ముందు సర్వీసింగ్ స్టాక్ అప్‌డేట్ (అప్‌డేట్లను ఇన్‌స్టాల్ చేసే భాగానికి వచ్చే అప్‌డేట్), లైసెన్సింగ్ ప్రిపరేషన్ ప్యాకేజీ (సర్వర్‌ను ఈఎస్‌యూ లైసెన్స్‌కు సిద్ధం చేసేది) వేయండి. ఇవి లేకుండా నెలవారీ ప్యాచ్‌లు ఎక్కవు. వచ్చేవి కూడా క్రిటికల్, ఇంపార్టెంట్ స్థాయి సెక్యూరిటీ ప్యాచ్‌లే. కొత్త ఫీచర్లు, మామూలు బగ్ ఫిక్సులు ఉండవు.

అర్హత లేదని తేలితే?

టెన్షన్ పడొద్దు. ఆ సర్వర్‌ను అజూర్‌కు తరలిస్తే ప్యాచ్‌లు వస్తాయి. లేదంటే అప్‌గ్రేడ్: 2012 ఆర్2 నుంచి విండోస్ సర్వర్ 2025కు నేరుగా వెళ్లొచ్చు, ఆర్2 కాని 2012 అయితే మధ్యలో మరో మెట్టు ఉంటుంది. కొత్త వెర్షన్‌కు లైసెన్స్ మళ్లీ కొనాలి. ముందుగా బ్యాకప్ తీసి, దాన్ని వేరే మెషీన్ మీద రీస్టోర్ చేసి చూసి, మీ అప్లికేషన్ కొత్త వెర్షన్‌లో నడుస్తుందని దాన్ని తయారుచేసినవాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకున్నాకే మొదలుపెట్టండి.