లేక్ ఆగ్నెస్ ఎక్కాలంటే మంగళగిరిలో మొదలుపెట్టండి

కెనడాలో పిల్లలున్న మా బెజవాడ వాళ్ళు చాలామంది అక్కడి బాన్ఫ్ నేషనల్ పార్కులో ఉన్న లేక్ లూయిస్ సరస్సు ఒడ్డున ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తారు. ఆ ఒడ్డు నుంచే పైనున్న లేక్ ఆగ్నెస్‌కి కాలిబాట ఉంది. రానూ పోనూ సుమారు 7 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు దాదాపు 400 మీటర్లు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో నేనే ఎక్కాను.

రెండు నెలల ముందు నుంచి వారానికి రెండుసార్లు తెల్లవారుజామునే మంగళగిరి పానకాల స్వామి మెట్లు ఎక్కి దిగేదాన్ని. దిగడమే అసలు ప్రాక్టీసు. గుడి మెట్లు కాబట్టి ఉత్త కాళ్ళతోనే. బూట్లు అలవాటు కావడానికి సాయంత్రాలు బందరు కాలవ గట్టున నడిచాను. మా ఆయన మాత్రం కొత్త బూట్లు సూట్‌కేసులో భద్రంగా తెచ్చి అక్కడే తొడిగారు. మడమ మీద రేగిపండంత బొబ్బ.

వెళ్తే జులై నుంచి సెప్టెంబరు లోపు వెళ్ళండి. జూన్‌లో దారిలో ఇంకా మంచుంటుంది. కారు పెట్టుకోవడానికి చోటు దొరకడం గగనం, నేషనల్ పార్కుల్ని చూసుకునే పార్క్స్ కెనడా వాళ్ళ షటిల్ బస్సు బుక్ చేసుకోండి. చాలా సీట్లు రెండు రోజుల ముందు అక్కడి ఉదయం 8 గంటలకి వదులుతారు. మనకది రాత్రి 7:30. మా అమ్మాయి మీటింగులో ఉంటే ఇక్కడి నుంచి మా తమ్ముడే బుక్ చేసి పెట్టాడు.

అన్నిటికంటే ముఖ్యం, కాటన్ వద్దు. మన ఎండలకి కాటనే ప్రాణం కదా, ఆ అలవాటుతో కాటన్ చుడీదార్ మీద స్వెటర్ వేసుకుని బయల్దేరాను. అడవిలో ఎక్కుతుంటే ఒకటే చెమట. స్వెటర్ విప్పి నడుముకి కట్టుకున్నాను. మిర్రర్ లేక్ దాటి, జలపాతం పక్కన మెట్లెక్కి పైకి చేరేసరికి వీపంతా తడి. సరస్సు మీద నుంచి గాలి కొట్టిందో లేదో, తడిబట్ట మంచుగడ్డలా అంటుకుంది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. మా అమ్మాయి ఇచ్చిన పొడి టీషర్టు మార్చుకున్నాకే ప్రాణం కుదుటపడింది. లోపల జిమ్ముకి వేసుకునే పాలిస్టర్ టీషర్టు, పైన స్వెటర్, ఆపైన గాలి ఆపే జాకెట్ వేసుకోండి. ఇంకో టీషర్టు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగులో పడేయండి.

ఎలుగుబంట్లు తిరిగే చోటు, గట్టిగా మాట్లాడుకుంటూ నడవమంటారు. ఈ ఒక్కదానికి మనకి ట్రైనింగ్ అక్కర్లేదు! పులిహోర తీసుకెళ్ళండి కానీ, ఉడతలు ఎంత బతిమాలినా పెట్టకండి. నేషనల్ పార్కులో అది నేరం. పైన చిన్న టీహౌస్ ఉంది, కరెంటు లేదు, కొంచెం క్యాష్ ఉంచుకోండి.

దిగేటప్పుడు చెట్ల సందుల్లోంచి లేక్ లూయిస్‌ని చూడండి. బకెట్లో నీలిమందు ఎక్కువ పడినట్టుంటుంది. పైనున్న హిమానీనదం, సాన మీద గంధం తీసినట్టు, కొండరాతిని అరగదీస్తుంది. ఆ మెత్తటి పొడి నీళ్ళలో తేలుతుండటం వల్లే ఆ రంగు.

చివరి షటిల్ ఎన్నింటికో ముందే కనుక్కోండి. బొబ్బ కాలితో మా ఆయన దిగడానికి, ఎక్కినదానికంటే ఎక్కువసేపు పట్టింది.