అన్నమయ్య పాట గ్రూపులో పెట్టే ముందు

తిరుపతి మహతి ఆడిటోరియంలో కచేరీ విని, ఫోన్‌లో రికార్డు చేసిన కీర్తన గ్రూపులో పెడదాం అనుకుంటున్నారా? ముందు పాడినవాళ్ళని అడగండి, ప్రదర్శన మీద వాళ్ళకి 50 ఏళ్ళ హక్కు ఉంటుంది.

అన్నమయ్య 1503లోనే కాలం చేశారు కాబట్టి రాగిరేకుల్లోని ఆ సాహిత్యం అందరిదీ, మీరే పాడి హాయిగా అప్‌లోడ్ చేసుకోవచ్చు, కానీ బాణీ ఈ కాలం వాళ్ళు కట్టిందైతే వాళ్ళు పోయాక కూడా 60 ఏళ్ళు హక్కు ఉంటుంది, ఆల్బమ్ రికార్డింగ్‌కైతే విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు, అది వేరే లెక్క.

ఆల్బమ్ మీద ఏడాది చూడండి. తేలకపోతే ఫైల్ వద్దు, అధికారిక లింకు పంపండి. పక్కవాద్యం వాయించినవాళ్ళ కష్టం కూడా చూడాలి కదా! దేవుడి పాటే, డబ్బులు తీసుకోలేదు అంటే 1957 కాపీరైట్ చట్టం వదిలేయదు.