డిష్‌వాషర్‌లో నీళ్లు వేడెక్కట్లేదా? సెన్సర్‌ను ఇంట్లోనే ఇలా పరీక్షించండి

గంటన్నర తిరిగిన మిషన్ తలుపు తీస్తే పప్పుగిన్నె అంచున పసుపు అలాగే ఉంది. గిన్నెలు కడిగే సబ్బు ట్యాబ్లెట్ సగమే కరిగింది. "గీ మిషన్ కన్న నా చెయ్యే నయం బిడ్డా" అంటూ మా అత్తమ్మ బోళ్లన్నీ మళ్లీ సింకులో వేసింది. చూడటానికొచ్చిన మెకానిక్ ఒక్క స్క్రూ కూడా విప్పకుండానే మిషన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందన్నాడు. తీరా చూస్తే పోయింది బోర్డు కాదు, చిటికెన వేలంత కూడా లేని టెంపరేచర్ సెన్సర్.

నీళ్లు ఎంత వేడెక్కాయో బోర్డుకు చెప్పడమే దీని పని. వేడి పెరిగేకొద్దీ దీని రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, తగ్గుతుంది. దాన్ని ఓమ్స్‌లో కొలుస్తారు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే పరీక్ష సగం అయిపోయినట్టే.

ముందు మిషన్ విప్పకుండా చూడాల్సినవి చూడండి. అడుగున ఉండే ఫిల్టర్ కడగండి. ట్యాంకు నుంచి నీళ్లు సన్నగా వస్తున్నాయేమో చూడండి. నీళ్లు సరిపోకపోతే చాలా మిషన్లు హీటర్ ఆన్ చేయవు, నింద మాత్రం సెన్సర్ మీద పడుతుంది. తర్వాత అన్నిటికంటే వేడి ప్రోగ్రామ్ పెట్టి, అరగంటకు ఆపి, ఆవిరి మొహానికి కొట్టకుండా తలుపు మెల్లగా తీయండి. లోపల చల్లగానే ఉంటే లోపం హీటర్‌లోనో, సెన్సర్‌లోనో, వైర్లలోనో, బోర్డులోనో ఉందన్నమాట. ఎర్రర్ కోడ్ కనిపిస్తే మాన్యువల్‌లో మీ మోడల్‌కు దాని అర్థం చూసుకోండి. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. వారంటీ ఉంటే మాత్రం ఇక్కడితో ఆగి, కంపెనీకి ఫోన్ చేయండి.

విప్పే ముందు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ గోడ నుంచి పీకేయాలి. నీళ్ల ట్యాప్ కట్టేయండి. రేకు అంచులు బ్లేడులా కోస్తాయి, గ్లోవ్స్ వేసుకోండి. సెన్సర్ సాధారణంగా అడుగున నీళ్లు నిలిచే తొట్టికి గానీ, హీటర్‌కు గానీ బిగించి ఉంటుంది. చాలావాటికి రెండు వైర్లు ఉంటాయి. అంతకంటే ఎక్కువ ఉంటే నీళ్ల మురికిని చూసే సెన్సర్ కూడా అందులోనే కలిసి ఉండొచ్చు, దాన్ని మెకానిక్‌కే వదిలేయండి. కనెక్టర్ ఊడదీసే ముందు ఫోన్లో ఫొటో తీసుకోండి.

ఇక మల్టీమీటర్‌ను (రెసిస్టెన్స్ కొలిచే చేతి మీటర్) ఓమ్స్‌లో 20 కిలో రేంజ్‌కు తిప్పి, రెండు పిన్నులకూ ఆనించండి. అంకె రాకపోతే రేంజ్ 200 కిలోకు పెంచి చూడండి. అప్పుడూ రాకపోతే లోపల తెగినట్టు. దాదాపు సున్నా చూపిస్తే షార్ట్ అయినట్టు. రెండింటిలో ఏదైనా సెన్సర్ మార్చాల్సిందే.

అంకె వచ్చినప్పుడే చాలామంది తప్పులో కాలేస్తారు. చాలా సెన్సర్లు 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్స్ చూపిస్తాయి, కొన్ని మోడళ్లలో వేరేగా ఉంటుంది. కానీ మే నెలలో నల్లగొండలో వంటగది 25 డిగ్రీలు ఎక్కడుంటుంది? గదిలో 40 ఉంటే అదే మంచి సెన్సర్ 5 కిలోల పైచిలుకు చూపిస్తుంది. దాన్ని చూసి పాడైందని పారేయకండి. అంకె కంటే అది మారే తీరు ముఖ్యం. సెన్సర్ ఊడదీసి, కొస మాత్రమే మునిగేలా స్టీలు గ్లాసులో వేడినీళ్లలో పెట్టండి, పిన్నులు తడవకూడదు. రీడింగ్ ఆగకుండా దిగుతూ పోవాలి. 10 కిలోల రకమైతే 60 డిగ్రీల దగ్గర సుమారు రెండున్నర కిలోలకు వస్తుంది. మధ్యలో ఎగిరెగిరి పడినా, కదలకుండా నిలిచిపోయినా సెన్సర్ పాడైందని అర్థం.

మాది మొదట్లో బాగానే దిగింది, సగంలో ఒక్కసారిగా అంకె మాయమైంది. చల్లారాక మళ్లీ వచ్చింది. ఇలాంటిది చల్లగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు కొలిచినా దొరకదు.

సెన్సర్ బాగుంటే వైర్లు చూడండి. ఎలుకలు కొరికాయా, కనెక్టర్‌లో పచ్చగా చిలుము పట్టిందా? తర్వాత హీటర్. 1800 నుంచి 2000 వాట్ల హీటర్‌కు 26 నుంచి 30 ఓమ్స్ రావాలి. ఇవన్నీ బాగుంటేనే బోర్డును అనుమానించాలి. కరెంటు ఉండగా కొలిచే పని ఇంట్లో వద్దు.

మన బోరు నీళ్ల సంగతీ చెప్పాలి. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, సెన్సర్ మీద పేరుకునే తెల్లటి పొర కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చేది. ఆ పొర మందమైతే సెన్సర్‌కు వేడి ఆలస్యంగా తెలుస్తుంది. కాబట్టి మార్చే ముందు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన గోరువెచ్చని నీళ్లలో కొసను కాసేపు నానబెట్టి, మళ్లీ కొలవండి. మిషన్‌లో వేసే ఉప్పు కూడా డిష్‌వాషర్ కోసం అమ్మేదే కావాలి, వంటింటి ఉప్పు కాదు.

కొత్తది కొనేటప్పుడు తలుపు అంచున ఉన్న స్టిక్కర్ మీది పూర్తి మోడల్ నంబర్ చెప్పండి. రబ్బరు రింగు కూడా కొత్తదే వేయండి. అది మడత పడితే నీళ్లు కారతాయి. అన్నీ బిగించి, రేకులు మూశాక మిషన్ కింద పాత పేపర్ పరిచి ఒక చిన్న ప్రోగ్రామ్ తిప్పండి. పేపర్ పొడిగానే ఉంటే మిషన్‌ను దాని చోటికి నెట్టేయొచ్చు.