సౌండ్ కార్డ్ మార్చే ముందు ఇవి చూసుకోండి

దసరా ఆఫర్లు దగ్గర పడ్డాయి. కంప్యూటర్‌లో పాట ముక్కలు ముక్కలుగా వస్తోందని కొత్త సౌండ్ కార్డ్ కొనేద్దామనుకునే వాళ్లు, డబ్బు కట్టే ముందు కాస్త ఆగండి.

• ముందు యూఎస్‌బీ హెడ్‌సెట్ పెట్టి అదే పాట వినండి, దానికి సౌండ్ కార్డ్‌తో పని లేదు. అందులోనూ తెగితెగి వస్తే తప్పు కార్డుది కాకపోవచ్చు. చాలాసార్లు వైఫై డ్రైవరో (ఆ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్), గ్రాఫిక్స్ డ్రైవరో ప్రాసెసర్‌ను పట్టి ఉంచుతుంది, అందుకే శబ్దం తెగుతుంది. లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్‌ను పాట వినిపిస్తూ పది నిమిషాలు నడపండి, ఆలస్యం చేస్తున్న డ్రైవర్ పేరు చూపిస్తుంది. మా ఇంట్లో వైఫై ఆపగానే ఆ టప్ టప్ చప్పుడు ఆగిపోయింది. అప్పటికే కార్డ్ కొనేశాం.

• ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ సేవర్ తీసేసి వినండి. ప్రాసెసర్ వేగం తగ్గినా శబ్దం తెగుతుంది.

• డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ తెరిచి, కార్డ్ గుచ్చే స్లాట్ ఏ రకమో చూడండి. పాత పీసీఐ కార్డ్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో పట్టదు.

• మీ విండోస్‌కు డ్రైవర్ ఉందో లేదో తయారీదారు సైట్‌లోనే చూడండి. సెకండ్‌హ్యాండ్ కార్డులతో పెద్ద టెన్షన్ ఇదే.

• పాటలు రికార్డ్ చేసేవాళ్లు ఏసియో డ్రైవర్ (శబ్దంలో ఆలస్యం తగ్గించే రకం) ఉన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) తీసుకోండి, హబ్‌కు కాకుండా నేరుగా పోర్టుకే పెట్టండి.