మీవాడి మీద ఇంటి దొంగతనం కేసు పడితే ఏం చేయాలి?

ఇంట్లో ఒకరిని దొంగతనం కేసులో స్టేషన్‌కి తీసుకెళ్లారని ఫోన్ వస్తే చాలామంది ముందు పలుకుబడి ఉన్నవాళ్ల చుట్టూ తిరుగుతారు. ఆ తిరుగుడులోనే రెండు రోజులు పోతాయి. లాయరు దగ్గరికి వచ్చేసరికి కాగితాలన్నీ తయారై, సంతకాలు కూడా అయిపోయి ఉంటాయి. ఈ కేసులు వాదించే నాలాంటివాళ్లకు ఇది చూసీ చూసీ విసుగొచ్చింది. అందుకే వరసగా చెబుతున్నాను.

ముందు ఏ స్టేషనో, ఏ కేసో తెలుసుకోండి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి, ప్రయాణ సమయం కాక 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరు పరచాలి. మీవాణ్ణి ఎన్నింటికి, ఎక్కడి నుంచి తీసుకెళ్లారో, ఎవరు చూశారో కాగితం మీద రాసి పెట్టండి. వీధిలో ఎవరింటికైనా సీసీ కెమెరా ఉంటే ఆ ఫుటేజీ ఆ రోజే కాపీ చేసుకోండి. మీవాణ్ణి కస్టడీకి పంపమంటూ పోలీసులు మేజిస్ట్రేట్‌కి ఇచ్చే రిమాండ్ రిపోర్టులో అరెస్టు టైము ఇంకోలా కనిపిస్తే పనికొచ్చేది అదే.

తర్వాత లాయరు. రోజూ ఆ మేజిస్ట్రేట్ కోర్టులోనే క్రిమినల్ కేసులు చేసేవారిని పెట్టుకోండి. మొదటి రోజే హైకోర్టు లాయరు కోసం పరిగెత్తడం దండగ. రాత్రి పదింటికి మేజిస్ట్రేట్ ఇంటి దగ్గర రిమాండ్ జరిగినా వచ్చి నిలబడే మనిషి కావాలి మీకు. ఫీజు ఇచ్చుకోలేకపోతే న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. లాయరుకు మాత్రం నిజం చెప్పండి. మీరు చెప్పింది ఆయన బయట పెట్టకూడదని చట్టమే అంటోంది.

ఎఫ్‌ఐఆర్ కాపీ తీసి సెక్షన్లు చూడండి. 2024 జులై 1 నుంచి జరిగిన నేరమైతే ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు ఉంటాయి. ఇంట్లో దొంగతనానికి 305, ఏడేళ్ల దాకా శిక్ష. ఇంటిని పగలగొట్టి చొరబడి దొంగిలిస్తే 331(3), పదేళ్ల దాకా. అదే పని సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపు చేస్తే 331(4), పద్నాలుగేళ్ల దాకా. ఇంటివాళ్లు నాలుగు రోజులు ఊరెళ్లి తిరిగొచ్చి చూస్తే తాళం పగిలి ఉందనుకోండి. దొంగ వచ్చింది పగలో రాత్రో ఎవరికి తెలుసు? అయినా ఎఫ్‌ఐఆర్‌లో 331(4) పడుతుంది. లాయరు మొదట పట్టుకోవాల్సిన అంశాల్లో ఇదొకటి.

ఇక అసలు గండం, సొత్తు రికవరీ, అంటే పోయిన సొత్తు మీవాడి దగ్గర దొరికిందని చూపడం. ఇలాంటి కేసుల్లో దొంగను కళ్లారా చూసిన సాక్షి సాధారణంగా ఉండడు. వేలిముద్రలు దొరక్కపోతే కేసు మొత్తం రికవరీ మీదే నిలబడుతుంది.

పోలీసుల దగ్గర చేసిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఆ ధైర్యంతోనే చాలామంది ఏ కాగితం పెడితే దాని మీద సంతకం పెట్టేస్తారు. కానీ భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్యాల చట్టం) 23వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ‘ఫలానా చోట దాచాను, చూపిస్తాను’ అన్న మాట వల్ల నిజంగా వస్తువు బయటపడితే, ఆ మాట వరకు చెల్లుతుంది. పైగా దొంగతనం జరిగిన కొద్దికాలానికే సొత్తు దగ్గర ఉన్నవాడు దొంగ అనో, దొంగసొత్తని తెలిసే తీసుకున్నాడనో కోర్టు ఊహించవచ్చు. కాబట్టి పంచనామాలో, అంటే సాక్షుల ముందు పోలీసులు రాసే రికార్డులో, ఏం రాశారో చదవకుండా, చదివించుకోకుండా సంతకం పెట్టకూడదు. విచారణ సమయంలో లాయరును కలిసే హక్కు ఉంది. విచారణ అంతసేపూ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునే హక్కు మాత్రం లేదు. అందుకే ఈ సంగతి మీవాడికి ముందే చెప్పించాలి.

ఇంతకన్నా ఘోరం ఇంట్లోవాళ్లు చేస్తారు. ‘పోయిన సొత్తు ఇచ్చేస్తే కేసు ఉండదు’ అని మధ్యలో ఎవరో అంటారు. తల్లి తన చెవి దిద్దులు తీసి చేతిలో పెడుతుంది. రేపు పంచనామాలో అవే రికవరీ చేసిన సొత్తు అవుతాయి. 305, 331 కింద కేసు సొత్తు తిరిగిచ్చినంత మాత్రాన పోదు, ఫిర్యాదుదారుతో రాజీ చేసుకుని మూసేసేది అంతకన్నా కాదు. అలాగని దొంగసొత్తు మీ కంటపడితే దాచకండి, అమ్మకండి, అదింకో నేరం. లాయరుకు చెప్పి ఆయన ద్వారానే నడవండి. మీ సొంత బంగారాన్నే పోలీసులు తీసుకెళ్లి ఉంటే కొన్న బిల్లు, తాకట్టు రసీదు వెంటనే వెతకండి.

మంచి లాయరు పంచనామాను గింజ గింజా ఏరుతాడు. ఫిర్యాదులో ‘బంగారు గొలుసు’ అని మాత్రమే ఉండి, రికవరీలో తూకంతో సహా ఒక గొలుసు ప్రత్యక్షమైతే అది ఫిర్యాదుదారుదేనని ఎలా గుర్తుపట్టారు? పంచులు (పంచనామాకు సాక్షులుగా సంతకం పెట్టినవాళ్లు) ఎవరు, ఇంకెన్ని కేసుల్లో వాళ్లే పంచులు? కొత్త చట్టం ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి కదా, ఆ వీడియో ఏది?

బెయిల్ విషయంలో నాది ఒకటే పద్ధతి. విచారణకు మళ్లీ తమకు అప్పగించమని పోలీసులు వేసే కస్టడీ పిటిషన్ తేలాకే బెయిల్ పిటిషన్ వేయాలి. మర్నాడే వేయించి, కొట్టేయించుకుని, లాయరును తిట్టుకునేవాళ్లే ఎక్కువ. రిమాండ్ అయిన రోజును కూడా కలిపి లెక్కపెట్టండి. 60 రోజుల్లో చార్జిషీటు రాకపోతే 61వ రోజు కోర్టు తెరవగానే డిఫాల్ట్ బెయిల్ (గడువులోపు చార్జిషీటు రానందుకు హక్కుగా వచ్చే బెయిల్) పిటిషన్ పడాలి. మధ్యాహ్నం వేద్దామనుకునేలోగా చార్జిషీటు వచ్చేస్తే ఆ హక్కు పోయినట్టే. శిక్ష పద్నాలుగేళ్ల దాకా ఉంది కాబట్టి చార్జిషీటుకు గడువు 90 రోజులని అవతలివాళ్లు వాదించవచ్చు. కనీస శిక్షే పదేళ్లు ఉన్న నేరాలకు ఆ గడువు అని పాత చట్టం కింద 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వాదన సిద్ధంగా పెట్టుకుని 61వ రోజే వేయాలి.

ష్యూరిటీల (బెయిల్‌కి పూచీ ఉండేవాళ్ల) కాగితాలు ముందే రెడీ చేసుకోండి. అంతకన్నా ముందు, రిమాండ్ రిపోర్టులో ఇంకెన్ని పాత కేసులు మీవాడికి తగిలించారో చూడండి. ఒక్క కేసులో బెయిల్ తెచ్చుకుని జైలు గేటు దగ్గర నిలబడితే, వేరే స్టేషన్ నుంచి పీటీ వారెంటు (జైల్లో ఉన్నవాణ్ణి ఇంకో కేసులో కోర్టుకు హాజరు పరచమనే ఉత్తర్వు) వచ్చిందని వెనక్కి పంపేస్తారు. ఎన్ని కేసులుంటే అన్నింటిలోనూ విడివిడిగా బెయిల్ పిటిషన్ వేయించాలి.