రేషన్ ఆగిన ఇంట్లో పొయ్యి ఆరిపోకుండా చూడటం ఎలా?

రేషన్ షాపులో వేలు పెడితే మిషన్ "కార్డు రద్దయింది" అంటుంది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఏం వండుతారు? తెలంగాణలో కొన్నేళ్ల వ్యవధిలో దాదాపు 19 లక్షల కార్డులు ఇలా పోయాయి. కంప్యూటర్ లెక్క చూసి తీసేశారు గానీ ఇంటికొచ్చి అడిగినవాళ్లు లేరు. ఇళ్లకు వెళ్లి మళ్లీ పరిశీలించండని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కోర్టు దాకా వెళ్లిన పని తేలేలోపు ఆ ఇంటిని కాచుకోవాల్సింది ఇరుగుపొరుగే. పది మంది కలిస్తే అది చేయగల పనే.

1. ముందు ఇళ్లు తెలుసుకోండి, బియ్యం తర్వాత

చాలామంది చందాలతో మొదలుపెడతారు. అలా చేస్తే అడగగలిగినవాళ్లకే అందుతుంది. నిజంగా పస్తులున్నవాళ్లు "మా ఇంట్లో బియ్యం లేవు" అని నోరు తెరిచి చెప్పరు. ఎవరు ఖాళీ సంచితో తిరిగి వెళ్లారో రేషన్ డీలర్‌కు తెలుసు. నెల మొదట్లోనే అరకిలో నూకలు కొనుక్కెళ్లిందెవరో కిరాణా షాపాయనకు తెలుసు. అంగన్‌వాడీ టీచర్‌కు, ఆశా కార్యకర్తకు ఇంకా బాగా తెలుసు. ఈ నలుగురినీ విడివిడిగా కలవండి. ఒంటరి ముసలివాళ్లనూ, వలస వచ్చిన కూలీలనూ ప్రత్యేకంగా అడగండి, వాళ్ల పేర్లే ఎక్కువగా జారిపోతాయి.

జహీరాబాద్ ప్రాంతపు పల్లెల్లో 1990లలో దళిత మహిళా సంఘాలు దీన్ని గొప్పగా చేసి చూపించాయి. బీడు భూముల్ని సాగులోకి తెచ్చి, పండిన జొన్నల్లో కొంత భాగం ఊరి ధాన్య నిధికి జమచేశారు. ఎవరికి ఎంత ఇవ్వాలన్నది ఆఫీసు కాగితం తేల్చలేదు. ఊరివాళ్లే కూర్చుని, నేలమీద ఊరి పటం గీసి, ఏ ఇల్లు ఎంత కష్టంలో ఉందో తేల్చారు. పస్తులున్న ఇల్లేదో ఊరికంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

2. లెక్క వేయండి

ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోలు, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుకు 35 కిలోలు రావాలి. తెలంగాణలో మనిషికి 6 కిలోలు ఇస్తున్నారు. మనిషికి 5 కిలోల లెక్కనే పెట్టుకున్నా నలుగురున్న ఇంటికి 20 కిలోలు కావాలి. పది ఇళ్లయితే 200 కిలోలు, అంటే 26 కిలోల బస్తాలు ఎనిమిది. వినగానే భయమేస్తుంది. కానీ పాత పిడికెడు బియ్యం పద్ధతి గుర్తు చేసుకోండి. ఎసట్లో పోసేముందు రోజూ ఓ పిడికెడు పక్కన వేస్తే ఇంటికి నెలకు సుమారు కిలోన్నర అవుతుంది. పద్నాలుగు ఇళ్ల పిడికిళ్లు ఒక కుటుంబాన్ని నిలబెడతాయి.

అందరి బియ్యం ఒకే డ్రమ్ములో పోయకండి. ఒక ఇంటి పురుగు మొత్తానికీ పడుతుంది. దొడ్డువి, సన్నవి, ఉప్పుడు బియ్యం వేర్వేరుగా ఉంచండి. ఎండిన వేపాకు వేసి, డ్రమ్మును నేలకు తగలకుండా పీటమీద పెట్టండి. డబ్బు పోగైతే బియ్యం కంటే కందిపప్పు, నూనె కొనడం మేలు, బియ్యం ఎలాగోలా దొరుకుతాయి గానీ పిల్లల కంచంలో ముందు మాయమయ్యేది పప్పే.

3. ఇచ్చే తీరు

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. వరసలో నిలబెట్టి, సంచి చేతికిచ్చి, ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే ఆ మనిషి వచ్చే నెల రాదు, పస్తులుంటుంది. ఫోటో వద్దు. ఎంత పెద్ద దాత అడిగినా వద్దు. దాతకు మీ లెక్కల పుస్తకం చూపించండి, మనుషుల్ని కాదు.

మంచి దారి ఒకటుంది. వీధిలో ఉన్న కిరాణా షాపులో ముందే డబ్బు కట్టండి. ఆ ఇంటికి సరుకుల చీటీ ఇవ్వండి. ఆ ఇల్లాలు అందరిలాగే వెళ్లి ఉప్పో, పప్పో, పసిపిల్ల ఉంటే పాల ప్యాకెట్టో తనకు కావలసింది తెచ్చుకుంటుంది. ఇంటి అవసరం ఇల్లాలికి తెలిసినట్టు మనకు తెలియదు. చీటీ మీద పేరు రాయొద్దు, నంబరు చాలు. లెక్క ఇద్దరు చూడాలి, అందులో ఒకరు మహిళా సంఘంలో పుస్తకాలు రాసిన అక్క అయితే మరీ మంచిది.

గ్యాస్ అయిపోయినవాళ్లకు, చేతకాని ముసలివాళ్లకు వండిందే ఇవ్వాలి. ఎండాకాలం పెరుగన్నం కంటే పులిహోర నయం. ఫంక్షన్ హాల్లో మిగిలింది తెస్తే వడ్డించనిది, వేడిగా ఉన్నది మాత్రమే తీసుకుని వెంటనే పంచేయండి. అనుమానం వస్తే పారేయండి.

4. కార్డు తిరిగి తెప్పించండి

బియ్యం ఇస్తూ ఈ పని వదిలేస్తే ఆ ఇల్లు ఎప్పటికీ మీ డ్రమ్ము మీదే ఆధారపడుతుంది. కార్డు ఎందుకు ఆగిందో ముందు కనుక్కోండి: ఈకేవైసీ (ఆధార్‌తో వివరాలు సరిచూడటం) కాలేదా, పేరు తీసేశారా, వేలిముద్ర పడటం లేదా? కూలి చేసిన చేతుల గీతలు అరిగిపోతాయి. గోరువెచ్చని నీళ్లతో కడిగి మళ్లీ ప్రయత్నించండి, కుదరకపోతే కంటిపాప స్కాన్ చేయమనండి. పేరే పోతే తహసీల్దారుకు అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. రేషన్ ఫిర్యాదుల నంబరు 1967కు ఫోన్ చేయండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడికి ఆ ఇల్లాలిని ఒంటరిగా పంపకండి. కూలి పోతుంది, బస్సు ఛార్జీ కూడా ఆమెకు భారమే. అర్హత ఉండీ ధాన్యం ఇవ్వకపోతే ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని చట్టంలోని 8వ సెక్షన్ చెబుతోంది. అర్జీలో ఆ మాట రాయండి.

ఈలోగా చిన్నపిల్లలకు, గర్భిణులకు అంగన్‌వాడీలో, బడి పిల్లలకు మధ్యాహ్న భోజనంలో పేరు ఉందో లేదో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్ దగ్గర్లో ఉంటే పూట భోజనం 5 రూపాయలు.

కార్డు తిరిగొచ్చిన నెల చీటీ ఆపేయకండి. అప్పుచేసి తిన్న నెలల బాకీ ఆ నెలలోనే తీర్చాల్సి వస్తుంది. ఇంకో నెల ఇచ్చాక డ్రమ్ము కడిగి, ఎండలో ఆరబెట్టి, మూత పెట్టి ఉంచండి.